విదేశ పర్యటనకూ సంకల్పం కావాలి

వేసవి సమీపించగానే ఆలయానికి వచ్చే భక్తులలో పలువురు యాత్రాముహూర్తం అడుగుతుంటారు. పూర్వం కాశీకో రామేశ్వరానికో బయలుదేరేవారు ఈ విధంగా అడిగేవారు. ఇప్పుడు విదేశాలలో స్థిరపడిన సంతానం వద్దకు వెళ్లే తల్లిదండ్రులే అధికం. తిథి, వార, నక్షత్రాలను పరిశీలించి ముహూర్తం చెప్పడం అర్చకుని విధి. అయితే వారు చూపే పర్యటన పట్టికను చూచినప్పుడు, ముహూర్తం కంటె ఈ పట్టికకే ఎక్కువ విచారణ అవసరమని నాకు తోచుచున్నది. ఐదు దినాలలో ఇరువది స్థలాలు, మ్యూజియానికి ఒక గంట, రాజప్రాసాదం ముందు ఒక ఛాయాచిత్రం, నదిపై వంతెన వద్ద మరొకటి. ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఏమి దర్శించారని అడిగితే, సెల్‌ఫోను తెరచి చూడనిదే సమాధానం చెప్పలేని స్థితి!

వైదిక కర్మ ఏదైనా సంకల్పంతోనే ఆరంభమగును. ఏ దేశంలో, ఏ కాలంలో, ఎవరు, ఏ ప్రయోజనం కోసం ఈ కర్మను ఆచరిస్తున్నారో సంకల్పంలో స్పష్టంగా ఉచ్చరిస్తాము. విదేశ పర్యటన తీర్థయాత్రతో సమానమని నేను చెప్పను. సముద్రయానాన్ని గూర్చిన ధర్మశాస్త్ర చర్చలోకీ ఇప్పుడు ప్రవేశించను. అయినను, ఎంతో ధనమును, శరీరశ్రమను వెచ్చించి చేసే ప్రయాణానికి ‘ఎందుకు?’ అనే ప్రశ్న ముందు ఉండవలెను. ఆ ప్రశ్న లేని పట్టిక కేవలం సంఖ్యల కూర్పు మాత్రమే. ఎక్కువమంది వెళ్లే నగరం గనుక లండన్‌నే ఉదాహరణగా తీసుకొని నా అభిప్రాయాన్ని విన్నవిస్తాను.

అక్కడి బ్రిటిష్ మ్యూజియం 1753లో స్థాపితమై, 1759లో ప్రజల కొరకు తెరువబడినది. దాని సంగ్రహంలో సుమారు 80 లక్షల వస్తువులున్నవి. వాటిలో ప్రదర్శనకు ఉంచినది నూటికి ఒక వంతు మాత్రమే. ఆ ఒక్క వంతును కూడ ఒక దినంలో చూడడం మానవమాత్రులకు సాధ్యం కాదు. శాశ్వత ప్రదర్శనకు ప్రవేశరుసుము లేదు. సాధారణంగా ఉదయం 10 నుండి సాయంకాలం 5 వరకు, శుక్రవారం రాత్రి 8.30 వరకు తెరచి ఉంచుతారు. కనుక అన్నిటినీ చూడవలెననే తాపత్రయం విడిచి, రెండు మూడు గదులను ముందే నిర్ణయించుకొనుట వివేకం.

ఆంధ్రుడైనవాడు ప్రథమంగా వెళ్లవలసినది 33ఎ సంఖ్య గల గదికి. భారతదేశ, చైనా వస్తువులను ఉంచిన సుదీర్ఘమైన 33వ గదికి అది ఆనుకొని ఉన్నది. గాజు తలుపుల వెనుక అక్కడ నిలిచి ఉన్నవి మన అమరావతీ మహాచైత్యపు శిలాఫలకాలు. ఆంగ్లేయులు వాటిని పాలరాళ్లని పిలిచారు. యథార్థానికి అవి పలనాటి సున్నపురాళ్లు. క్రీస్తుపూర్వం నాటికే ఆరంభమై, క్రీస్తుశకం మూడవ శతాబ్ది వరకు పెంపొందిన మహాకట్టడపు అవశేషాలవి. వాటిలో ఇరువైపులా చెక్కిన ఫలకం ఒకటి ఉన్నది. ఒకవైపున, వృక్షచ్ఛాయలో శూన్యమైన ఆసనానికి జనులు నమస్కరిస్తున్నారు. కొన్ని శతాబ్దాల అనంతరం అదే శిల రెండవవైపున మరొక తరంవారు సంపూర్ణమైన చైత్యాన్ని చెక్కారు. రూపరహితమైన దానికి నమస్కరించిన భక్తి, రూపాన్ని నిర్మించిన భక్తి ఒకే శిలకు ఇరుపార్శ్వాలై నిలిచినవి. సాకార నిరాకారాలను గూర్చి ఎన్నో ఉపన్యాసాలు విన్నవారు ఆ శిల ముందు పది నిమిషాలు మౌనంగా నిలువవలెనని నా ప్రార్థన. మతం వేరైనా మన నేలపై వికసించిన భక్తి అది.

ఆ శిలలు అక్కడికి చేరిన వృత్తాంతాన్ని కూడ తెలిసికొని వెళ్లవలెను. పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో నూతన పట్టణం నిర్మింపజేయుచుండగా, రాళ్ల కొరకు దీపాలదిన్నెను త్రవ్వారు. ఆ సమాచారం విని కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకాలు మద్రాసు చేరినవి. 1859లో వాటిని ఓడపై లండన్ తరలించారు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి అప్పగించారు. తీసికొనిపోయినవారు పరాయివారే. కాని అంతకు పూర్వం ఆ దిన్నెను రాళ్లగనిగా భావించి త్రవ్వినవారు మనవారే. ఈ రెండు సత్యాలనూ కలిపి చెప్పినప్పుడే మన పిల్లలకు చరిత్ర చెప్పినట్లగును.

ఇక్కడ భక్తులు తరచుగా ఒక ప్రశ్న వేస్తారు: మ్యూజియంలో ఉన్న దేవతావిగ్రహాలకు నమస్కరించవచ్చునా? పూజ లేని మూర్తిని చూచుట దోషం కాదా? ఆగమ దృష్టిలో ప్రతిష్ఠ, నిత్యార్చన, నైవేద్యం కలిగిన మూర్తి వేరు, అర్చన లుప్తమైన మూర్తి వేరు. జీర్ణోద్ధరణ సమయంలో మూర్తిలోని కళలను కుంభంలోనికి ఆకర్షించి, కార్యం ముగిసిన తరువాత పునఃప్రతిష్ఠ చేస్తాము. అర్చనకు విచ్ఛేదం కలిగితే సంప్రోక్షణ విధిస్తాము. గాజుపెట్టెలోని మూర్తికి ఈ విధులేవీ లేవు కనుక అది అర్చామూర్తిగా పరిగణింపబడదు. అయినను, ఆ రూపాన్ని ధ్యానశ్లోకం ననుసరించి నిర్మించిన స్థపతి తపస్సు, దానికి శతాబ్దాల పాటు జరిగిన అభిషేకాలు అసత్యం కావు. కాబట్టి మనస్సులో నమస్కరించండి. పాదరక్షలతో నిలిచితిమే అని క్లేశపడనక్కరలేదు. స్పృశించుట, పుష్పం ఉంచుట, బిగ్గరగా స్తోత్రం చదువుట మాత్రం కూడదు. దేశకాలోచితమైన ప్రవర్తన కూడ ధర్మమే.

మరికొందరు భక్తులు ఆ గదులలో దుఃఖిస్తారు, కొందరు కోపిస్తారు. ఆ వేదన సహజం. కాని దానికి ఒక మార్గం ఉన్నది. తంజావూరు ప్రాంతంలోని పత్తూరు గ్రామంలో 1976లో భూమిని త్రవ్వుచుండగా ఒక నటరాజమూర్తి బయల్పడినది. అది రహస్యంగా చేతులు మారి లండన్ చేరగా పోలీసులు స్వాధీనపరచుకొన్నారు. కొనుగోలు చేసిన విదేశీ సంస్థ న్యాయస్థానానికి వెళ్లినది. ఎదుటి పక్షంలో నిలిచినది శిథిలమైన ఆ గ్రామ శివాలయమే! ఆలయానికి వ్యాజ్యమాడే అర్హత కలదని ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం 1991లో అంగీకరించినది. స్వామి స్వదేశానికి తిరిగివచ్చినాడు. దేవాలయం కూడ హక్కులు గల వ్యక్తియే అని మన సంప్రదాయం చెప్పే మాటను పరదేశ న్యాయాధీశులు అంగీకరించిన సందర్భమిది. కనుక కోపం కంటె ప్రశ్న మేలు. ప్రతి మూర్తి క్రింద ఉన్న ఫలకాన్ని చదవండి. ఏ ఊరిది, ఏ సంవత్సరంలో, ఎవరి ద్వారా వచ్చినదో గమనించండి. అంతకంటె ముఖ్యంగా, స్వగ్రామంలోని ఆలయమూర్తుల ఛాయాచిత్రాలు, కొలతలు, శాసనాల నకళ్లు భద్రపరచి ఉన్నవో లేవో తిరిగివచ్చి విచారించండి. అటువంటి ఆధారం లేని విగ్రహం అపహృతమైతే దానిని మనదని నిరూపించుట దుష్కరం.

మన వస్తువులను మాత్రమే చూచి బయటికి వచ్చుట కూడ సంకుచితత్వం. అదే భవనంలో ఈజిప్టు దేశపు రోసెట్టా శిల ఉన్నది. క్రీస్తుపూర్వం 196 నాటి ఒకే శాసనం దానిపై మూడు లిపులలో చెక్కబడినది. వాటిలో గ్రీకు పాఠం విద్వాంసులకు తెలిసినది గనుకనే, మరచిపోయిన ఈజిప్టు లిపిని తిరిగి చదువగలిగారు. ఒక జాతి తన లిపిని చదివేవారిని కోల్పోతే, దాని దేవాలయాలు సైతం మూగవోతాయని ఆ శిల బోధించుచున్నది. వేదపాఠశాలలలో విద్యార్థులు క్షీణిస్తున్న ఈ కాలంలో, తెలుగు చదువలేని మనుమలను వెంటబెట్టుకొని వెళ్లే పెద్దలు ఆ బోధను ఆలకించవలెను.

తెలుగువారి పట్టికలలో నాకు కనబడని స్థలం మరొకటి ఉన్నది. లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సమాధి ఉన్నది. తాళపత్రాలను సేకరించి, పండితులను పోషించి, వేమన పద్యాలను వెలికితెచ్చి, తెలుగునకు నిఘంటువు కూర్చిన ఆ మహనీయుడు 1884లో అక్కడ కీర్తిశేషుడైనాడు. శ్మశానానికి వెళ్లవచ్చునా అని సందేహించేవారు ఉంటారు. వెళ్లి, వసతికి తిరిగివచ్చి స్నానం చేయండి. ఋషిఋణం తీర్చుకొనుటకు అధ్యయనం ఒక్కటే మార్గమని మన పెద్దల మాట. ఆ అధ్యయనానికి గ్రంథాలను రక్షించి ఇచ్చినవానికి కృతజ్ఞత తెలుపుట కూడ ఆ మార్గంలోనిదే.

అనుష్ఠానపరులు యాత్రాక్రమంలో గమనింపదగిన విషయం కాలం. జూన్ మాసంలో లండన్‌లో సూర్యోదయం సుమారు ఉదయం 4.45కు, సూర్యాస్తమయం రాత్రి 9.20 ప్రాంతంలో జరుగును. డిసెంబరులో సాయంకాలం 4 గంటలలోపే సూర్యుడు అస్తమించును. ఇంటి గడియారం చూచి సంధ్య వార్చుట కుదరదు, అక్కడి సూర్యుడే ప్రమాణం. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే అయినను సూర్యోదయం వేరు గనుక, ఏకాదశి ఒక్కొక్కసారి మన పంచాంగంలోని దినానికి భిన్నంగా రావచ్చును. ఆ ఊరికి గణించిన పంచాంగం దగ్గర ఉంచుకొని, ఉపవాసదినాన నడక తక్కువగా ఉండేటట్లు క్రమం ఏర్పరచుకొనండి. ఆసక్తి కలవారు గ్రీన్విచ్ వేధశాలకు వెళ్లవచ్చును. ప్రపంచ కాలగణనకు ఆధారమైన సున్నా రేఖాంశం అక్కడిదే. మన సిద్ధాంత గ్రంథాలు లంక నుండి ఉజ్జయిని మీదుగా పోయే రేఖను మధ్యరేఖగా గ్రహించినవి. ఉజ్జయినిని తలచుకొనుచు ఆ రేఖపై నిలుచుట ఒక చక్కని అనుభవం కాగలదు.

కావున నా సూచన ఇది: దినానికొక్క ప్రధాన దర్శనం. మొదటిదినం ప్రయాణబడలిక తీరుటకు విశ్రాంతి. ఒక ఉదయం బ్రిటిష్ మ్యూజియంలో మూడు గదులు. ఆ గదులు ఆ దినం తెరచి ఉండునో లేదో ముందే విచారించుకొనవలెను. ఒకదినం గ్రీన్విచ్, ఒక పూట కెన్సల్ గ్రీన్. మిగిలిన కాలం నదీతీరంలో, ఉద్యానవనాలలో, మనుమలతో. లక్షలు వ్యయం చేసి వెళ్లి ఇంత స్వల్పంగా చూడడమా అని ఆక్షేపించవచ్చును. వంద ఆలయాల గోపురాలను బస్సు కిటికీలోనుండి చూచినవానికంటె, ఒక్క సన్నిధిలో ఒక ఘడియ స్థిరంగా నిలిచినవాడే ధన్యుడని భక్తులకు వేరుగా చెప్పనక్కరలేదు. చూపు స్థిరపడనిదే జ్ఞానం అంకురించదు.

చివరిగా, లండన్ టికెట్టు కొనుటకు ముందే ఒకసారి అమరావతికి వెళ్లిరండి. అమరేశ్వరస్వామిని సేవించి, చైత్యం ఉన్న దిబ్బను, అక్కడి మ్యూజియాన్ని చూడండి. వీలైతే చెన్నై ఎగ్మోరు మ్యూజియంలోని ఫలకాలను కూడ చూడండి. ఆ శిలలు వీడివచ్చిన స్థలమేదో ఎరిగినవానికే, దూరదేశపు గాజుతలుపుల వెనుక అవి చెప్పే మాట వినబడును. స్వస్తి.