లగ్గుకూ టెర్మినల్ బ్లాకుకూ దేశమంతటా ఒకే సుంకం శీర్షిక కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి,
కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు,
న్యూఢిల్లీ.

విషయం: దిగుమతయ్యే విద్యుత్ కనెక్షన్ పరికరాల వర్గీకరణలో ఏకరూపత గురించి, ఐదేళ్ల వెనక్కి వెళ్లి ఇచ్చే నోటీసుల గురించి.

ఆర్యా,

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో ప్యానెల్ బోర్డులు తయారుచేసే చిన్న యూనిట్లవాళ్లం. మోటారు ప్యానెళ్లు, లిఫ్టు కంట్రోలర్లు, సోలార్ కాంబైనర్ బాక్సులు మా పని. రేకు ఇక్కడే వంచుతాం, బస్‌బార్ ఇక్కడే కోస్తాం. లోపల బిగించే టెర్మినల్ బ్లాకులు, లగ్గులు, కనెక్టర్లలో చాలావరకు దిగుమతి సరుకే. సుంకం తగ్గించమని అడగడానికి ఈ పత్రం రాయడం లేదు. ఏ వస్తువుకు ఎంత కట్టాలో ముందే తెలియాలి, కట్టిన తర్వాత ఆ లెక్క అక్కడితో తెగిపోవాలి. మా కోరిక ఇంతే.

టెర్మినల్ బ్లాకునే తీసుకోండి. 35 మిల్లీమీటర్ల పట్టా మీదికి ఎక్కే ప్లాస్టిక్ ఒడలు, అందులో రాగి పట్టీ, రెండు మరలు. 1000 వోల్టులు దాటని కనెక్షన్ పరికరం కాబట్టి 8536 శీర్షిక. దీని మీద ఎవరికీ పేచీ లేదు. అదే ఇన్వాయిసులో దాని వెంట వచ్చే చిల్లర సామాను దగ్గరే తగువు. చివర మూసే ఎండ్ ప్లేటు 8538 కింద విడిభాగమా, 8547 కింద ఇన్సులేటింగ్ ఫిట్టింగా, ఉత్త ప్లాస్టిక్ వస్తువుగా 39వ అధ్యాయమా? ఉక్కు మర విడిగా వస్తే 7318కి పోతుందని సెక్షన్ నోట్సు చూసి మేమే రాస్తాం. కరెంటు మోయని పట్టాకూ, కేబుల్ గ్లాండుకూ మాత్రం ఏ అధికారి ఏమంటారో సరుకు రేవుకు చేరేదాకా తెలియదు.

లగ్గు సంగతి మరీ విచిత్రం. వైరు చివర నొక్కి బిగించే రాగి లగ్గు ఎందుకో ట్రూప్ బజార్ దుకాణంలో కుర్రాడిని అడిగినా చెబుతాడు. వైరు చివర తొడిగే ఇలాంటి చిన్న లోహపు ముక్కలను ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణ నోట్సు 8536 కిందే చూపింది. అయినా మాలో ఒకరి లగ్గులను ఒక రేవులో 8536గా వదిలి, తర్వాత అదే కంపెనీ నుంచి అదే కేటలాగు నంబరుతో వచ్చినవాటిని రాగి వస్తువులుగా 74వ అధ్యాయంలోకి మార్చమన్నారు. సరుకు మారలేదు, నోట్సు మారలేదు, చూసిన అధికారి మారారు.

జంక్షన్ బాక్సుకు 8536 90 30 అని విడి సంఖ్యే ఉంది. లోపల వైర్లు కలిపే ఏర్పాటు ఉంటేనే అది జంక్షన్ బాక్సు, ఖాళీ పెట్టె కాదు. న్యాయమే. మరి టెర్మినల్ స్ట్రిప్పును విడి కవరులో పెట్టి, అదే అట్టపెట్టెలో పంపితే? బిగించకుండా వచ్చిన వస్తువునూ పూర్తి వస్తువుగానే చూడమని సాధారణ వ్యాఖ్యాన సూత్రాల్లో 2(ఎ) చెబుతోంది. అది ఒక అధికారికి గుర్తుంటుంది, ఇంకొకరికి ఉండదు. సోలార్ కనెక్టర్లది ఇంకో చిక్కు. 1000 వోల్టులు దాటితే 8535, లేకపోతే 8536. ఒకే కనెక్టరు డేటా షీటులో ఒక ప్రమాణం కింద 1000, ఇంకో ప్రమాణం కింద 1500 వోల్టులని ఉంటుంది. ఏది లెక్కలోకి తీసుకోవాలి? జానెడు వైరుతో వచ్చే కనెక్టరును వైరున్న కనెక్టరుగా 8536లో చూడాలా, కనెక్టరున్న వైరుగా 8544 42లో చూడాలా? మాకు ఏదైనా సమ్మతమే, ఏదో ఒకటి చెబితే చాలు.

ఫేస్‌లెస్ మదింపును మేము వ్యతిరేకించడం లేదు. ముఖపరిచయం ఉన్నవాడి పని ముందు జరిగే రోజులు పోవడం చిన్నవాళ్లకే మేలు. కాకపోతే 2020 నుంచి మా బిల్ ఆఫ్ ఎంట్రీ దేశంలో ఏ అధికారి ముందుకైనా వెళుతుంది. వస్తువును ఆయన చేతిలో పెట్టి చూపించే వీలు లేదు. అందుకే అందరూ చూసి నడుచుకునే ఒక కాగితం ఇప్పుడు మరింత అవసరం. వర్గీకరణలో ఏకరూపత కోసం ఉత్తర్వులిచ్చే అధికారం కస్టమ్స్ చట్టం 151ఎ సెక్షన్ బోర్డుకే ఇచ్చింది. దాని కింద పైన చెప్పిన వస్తువులన్నింటికీ బొమ్మలతో, కారణాలతో ఒక ఉత్తర్వు ఇవ్వాలని మా మొదటి కోరిక.

రెండో కోరిక సుంకం పట్టిక గురించి. 8536 90లో మోటార్ స్టార్టర్లకూ జంక్షన్ బాక్సులకూ విడి సంఖ్యలున్నాయి. మిగతావన్నీ 8536 90 90 అనే ఒకే గంపలో పడుతున్నాయి. 1996లో సింగపూర్‌లో కుదిరి, మరుసటి ఏడాది మన దేశం చేరిన సమాచార సాంకేతికత ఒప్పందం జాబితాలో తీగలకూ కేబుళ్లకూ వాడే కనెక్షన్, కాంటాక్ట్ ఎలిమెంట్లు ఉన్నాయి. ఆ గంపలోని ఏ వస్తువు ఆ మాటల కిందికి వస్తుందో ఎనిమిది అంకెల సంఖ్య చూస్తే తెలియదు. 2028 జనవరి 1 నుంచి కొత్త హార్మనైజ్డ్ సిస్టమ్ కోసం పట్టికను ఎలాగూ తిరగరాస్తారు. అప్పుడే టెర్మినల్ బ్లాకులకూ, లగ్గులకూ విడి సంఖ్యలు ఇవ్వాలి.

మమ్మల్ని నిజంగా కుంగదీస్తున్నది మూడోది. కస్టమ్స్ చట్టం 28వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చేందుకు మామూలు గడువు రెండేళ్లు. కుమ్మక్కో, కావాలని చెప్పిన అబద్ధమో, దాచిపెట్టడమో ఉంటే ఐదేళ్లు. శీర్షిక మీద అభిప్రాయభేదాన్ని కూడా దాచిపెట్టడం కిందే జమకట్టి నోటీసులు ఇస్తున్నారు. కేటలాగు అప్‌లోడ్ చేశాం, వర్ణన పూర్తిగా రాశాం, ఇక దాచింది ఏమిటి? రైల్వే సిగ్నల్ రిలేలు 8608లోకి వస్తాయా, 8536లోకా అన్న ఎక్సైజ్ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2021 మార్చిలో తేలింది, అదీ తయారీదారు వాదన వైపే. ఆ తీర్పును వాహన విడిభాగాలకు ఎంతవరకు అన్వయించాలో చెప్పడానికి 2022 జనవరిలో బోర్డు మళ్లీ సూచనలు ఇవ్వవలసి వచ్చింది. అంత పెద్దల మధ్యే తేలని విషయంలో పదిమంది పనివాళ్లున్న షెడ్డు యజమాని పొరబడితే అది మోసం ఎలా అవుతుంది? తేడా సుంకం ఒక్కటే అయితే ఎలాగో సర్దుకుంటాం. దాని మీద ఏడాదికి 15 శాతం వడ్డీ, 114ఎ కింద సుంకమంత జరిమానా వచ్చి పడతాయి. అప్పటికి ఆ ప్యానెల్ టెండరు ధరకే అమ్ముడుపోయి ఉంటుంది. కొన్నవారి దగ్గరికి వెళ్లి ఇంకొంచెం ఇమ్మని అడగలేం. వర్ణన సరిగా ఉండి, శీర్షిక మీద మాత్రమే వివాదం ఉన్నచోట ఐదేళ్ల గడువు వాడకూడదని స్పష్టమైన ఆదేశం కావాలి.

ముందస్తు రూలింగు తెచ్చుకోవచ్చు కదా అంటారు. తెచ్చుకున్నా అది దరఖాస్తుదారుకే చెల్లుతుంది, పక్క షెడ్డువాడికి చెల్లదు. దాని గడువు తీరాక అతనికీ చెల్లదు. ఒకే వస్తువు కోసం ఊరంతా దరఖాస్తు చేసుకోవడం ఎవరికి లాభం? ఈ శీర్షికల మీద వచ్చిన రూలింగులన్నింటినీ వస్తువు పేరుతో వెతికి చూసుకునేలా ఒకచోట ఉంచాలి. ఢిల్లీ, ముంబయిల్లో ఉన్నట్టే హైదరాబాద్‌లోనూ ముందస్తు రూలింగులిచ్చే ఒక అథారిటీ నెలకొల్పాలి. శీర్షిక తేలేలోగా చేసే తాత్కాలిక మదింపు ముగింపునకు 2025లో రెండేళ్ల గడువు పెట్టినందుకు కృతజ్ఞులం. అన్నాళ్లూ బ్యాంకు గ్యారంటీ కింద మా పెట్టుబడి చిక్కుకుపోతోంది కాబట్టి, వర్గీకరణ వివాదాల్లో చిన్న యూనిట్లకు బాండుతోనే సరిపెట్టాలి.

ఎండ్ ప్లేటు, లగ్గు, ఖాళీ పెట్టె, టెర్మినళ్లున్న పెట్టె, రెండు రకాల సోలార్ కనెక్టర్ల నమూనాలు ఈ పత్రంతో పంపుతున్నాము. వాటిని ముందు పెట్టుకుని వివరించేందుకు టారిఫ్ విభాగం అధికారులతో ఒక సమావేశం ఏర్పాటు చేయించవలసిందిగా మనవి.

ఇట్లు,
భవదీయులు,
ప్యానెల్ బోర్డు తయారీ యూనిట్ల యజమానులు,
హైదరాబాద్.