సూర్యకాంతం పేరు పెట్టుకోరేం?

సాయంత్రం ఏడైతే చాలు, మా పొన్నూరులో మా వీధి ఈ చివర నించి ఆ చివరిదాకా నడిచి వెళ్ళినా సీరియల్లో ఒక్క మాట పోదు. ఒక ఇంట్లో అత్తగారు పళ్ళు నూరడం మొదలెడితే, పక్క ఇంటి దగ్గర కోడలు ఏడుస్తూ వుంటుంది. మూడో ఇల్లు దాటేసరికి ఆడపడుచు తలుపు చాటున నించుని అంతా వింటూ వుంటుంది. మరి మగవాళ్ళెక్కడ? వుంటారు. సోఫాలో కూర్చుని, ఈ ముగ్గురిలో ఎవరు మంచివాళ్ళో తేల్చుకోలేక సతమతమవుతూ వుంటారు, పాపం!

"కాలక్షేపం కోసం తీసేవాటికి ఇంత రాద్ధాంతం ఎందుకోయ్?" అంటారు మావారు.

కాలక్షేపమే అయితే నాకూ పేచీ లేదు. ఆమధ్య మా ఎదురింటి అమ్మాయికి సంబంధం వచ్చింది. ఆ పిల్ల అడిగిన మొట్టమొదటి ప్రశ్న - "అత్తగారు కూడా మాతోనే వుంటుందా?" ఆవిడ మొహమైనా ఇంకా చూడలేదు. అక్కడ ఆవిడా తక్కువ తినలేదు. "చదువుకున్న పిల్ల కదా, మావాణ్ణి విడదీసుకు పోదు గదా!" అని మధ్యవర్తిని నిలదీసిందట. ఒకరి ముఖం ఒకరు ఎరగని ఇద్దరాడవాళ్ళ మధ్య ఇంత ముందుగా తగువు పెట్టిందెవరు?

సూర్యకాంతం గారి సంగతే చూడండి. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'లో ఆవిడ సవతి కూతుర్ని పనిమనిషిని చేసిన తీరు ఎవరు మరిచిపోతారు? 1994లో కన్నుమూసిన ఆ నటి తెర బయట ఎంతో మెత్తని మనిషనీ, ఇంటినించి వంటలు చేయించి తెచ్చి షూటింగులో అందరికీ కొసరి కొసరి వడ్డించేదనీ తోటివాళ్ళు చెప్పుకునేవారు. అయితేనేం? ఆవిడ నటన చూశాక ఆడపిల్లకి ఆ పేరు పెట్టడానికి తెలుగువాళ్ళు జంకారని ఇప్పటికీ అంటారు. ఎంత అందమైన పేరు! ఒక్క మనిషి నటనకే ఒక పేరు ఉయ్యాలలకి దూరమైపోతే, రోజూ అరగంట చొప్పున ఏళ్ళ తరబడి చూసేది మన బుర్రకెక్కదంటే నేను నమ్మను.

సావిత్రి మా గుంటూరు జిల్లా చిర్రావూరు ఆడపడుచు. 1968లో 'చిన్నారి పాపలు' సినిమాకి ఆవిడే దర్శకురాలు. ఆ మాట ఎంతమందికి గుర్తుంది? ఆవిడ కన్నీళ్ళు మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

ఇక ప్రకటనలు. మా చుట్టుపక్కల వరి, మినుము. కాస్త పడమటికి పోతే పత్తి, మిరప. నాట్లు వేసేదెవరు? కలుపు తీసేదెవరు? నడినెత్తిన ఎండలో మిరపకాయలు కోసి, చేతులు భగభగ మండుతూ ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చునేదెవరు? ఆడవాళ్ళు! పురుగుమందు ప్రకటనలో రైతెవరు? మీసం మెలేసిన మగాడు. ఆవిడ గట్టుమీద క్యారేజీ పట్టుకుని నవ్వుతూ నించుంటుంది. అది చూసీ చూసీ, పొలం తన పేర వుండాలని అడగొచ్చన్న ఊహే ఆవిడకి రాదు.

చట్టాలు లేవా అంటే వున్నాయి. స్త్రీలని అసభ్యంగా చూపడాన్ని నిషేధిస్తూ 1986లోనే చట్టం వచ్చింది. స్త్రీని అణకువకీ, ఒదిగి వుండటానికీ ప్రతీకగా చూపి, ఇంట్లోనూ సంఘంలోనూ ఆమెది రెండో స్థానమే అనిపించే ప్రకటన కూడదని 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనలు చెబుతున్నాయి. కాగితం మీద ఎంత ముచ్చటగా వుందో!

ఇంతమందిని అంటున్నాను గదా, నా సంగతీ చెప్పేస్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక సీరియల్ నవల రాశాను. చెయ్యి చేసుకునే భర్తని ఓర్పుతో మార్చుకుంటుంది నాయిక. ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి, పొంగిపోయాను. ఒకనాడు నిడుబ్రోలు స్టేషన్లో ఒకావిడ నా చేతులు పట్టుకుంది. "అమ్మా, మీ కథే చదివించి మా అమ్మాయిని మళ్ళీ కాపరానికి పంపానండీ" అంది. "ఇప్పుడెలా వుంది?" అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బండొచ్చింది, ఎక్కేసింది. ఆ తర్వాత నా నవలలో ఆ చివరి ప్రకరణం నేను మళ్ళీ చదవలేకపోయాను.

"కథలు మనుషుల్ని మారుస్తాయా?" అంటారు మావారు. మారుస్తాయి! నెల్లూరు జిల్లా దూబగుంటలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదువుకున్నారు. సారా కొట్టుమీద తిరగబడ్డ ఆడవాళ్ళ కథ అది. చదివి ఊరుకోలేదు, 1992లో తమ ఊరి సారాని తామే తరిమికొట్టారు. ఆ మంట జిల్లాలు దాటింది, 1993లో ప్రభుత్వమే సారాని నిషేధించింది. వాచకంలోని నాలుగు పేజీలు అంత పని చేసినప్పుడు, నాలుగు వేల ఎపిసోడ్లు ఏమీ చెయ్యవంటే ఎలా?

టీవీలు బద్దలు కొట్టమనను. చూడండి, నవ్వండి. కానీ పక్కన కూర్చున్న పిల్లవాడితో "అది కథరా, మీ నానమ్మ అలా వుందా?" అని ఒక్క మాట అనండి. మగపిల్లాడు ఏడిస్తే "ఆడపిల్లలా ఏడుస్తావేం?" అనకండి. ఏ ప్రకటనకైనా ఒళ్ళు మండితే ఒక ఉత్తరం ముక్క రాయండి. నాలాంటి రచయిత్రులకీ రాయండి, మొహమాటపడకండి.

నా వంతు నేను మొదలెట్టాను. కొత్త నవలలో దెబ్బలు తిన్న కోడలు పెట్టె సర్దుకుని బయటికొస్తుంది. ఆ పెట్టె రెండో వైపు పట్టుకుని, ఆమెతోపాటు మెట్లు దిగి వచ్చేది అత్తగారే. ఆవిడ పేరు సూర్యకాంతం.