నిరుద్యోగి మోయు సాక్ష్యభారము

కర్మాగారపు తలుపు మూయుటకు ఒక్క సాయంకాలము చాలును. "రేపటినుండి రానక్కరలేదు" అని మేస్త్రీ నోటిమాటగ చెప్పినంతనే పదియేండ్ల కొలువు ముగిసిపోవును. ఆ మాటకు కాగితము లేదు, సంతకము లేదు, తేదీ లేదు. కాని ఆ నోటిమాటవలన పని పోయినవాడు చట్టము తనకిచ్చిన భృతిని కోరబోయిన దినమున ప్రతి సంగతికిని కాగితము కావలసివచ్చును. పని ఎన్నడు పోయెను? ఏల పోయెను? చందా చెల్లెనా? పేరు సరిపోలినదా? తొలగించినవానిని ఈ ప్రశ్నలడుగువారు లేరు. తొలగింపబడినవాడే సమస్తమునకు సాక్ష్యము తేవలెను. ఈ విపరీతమును గూర్చియే ఈ వారము మేము పాఠకులకు విన్నవింపదలచినాము.

మన దేశమున నిరుద్యోగభృతి యనునది యున్నదా యని అడుగు విద్యావంతులు పట్టణములందు ఇప్పటికిని పెక్కురు కలరు. కలదు. ప్రొఫెసర్ అదార్కరు 1944లో సమర్పించిన నివేదిక పునాదిగ 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టము పుట్టెను. జనులు ఇ.ఎస్.ఐ. యని పిలుచు ఆ పథకము 1952 ఫిబ్రవరి 24న కాన్పూరునందు ఆరంభమయ్యెను. జబ్బునకును, ప్రసవమునకును, పనిలో తగిలిన గాయమునకును అది అండ చూపెను గాని, పని పోవుట యను ఆపదను చాలకాలము లెక్కింపలేదు. 2005 ఏప్రిల్ 1న రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ యోజనయు, 2018 జూలై 1నుండి అటల్ బీమిత వ్యక్తి కల్యాణ యోజనయు వచ్చిన పిమ్మటనే ఆ లోపము కొంత తీరెను.

ఈ రెండవదానిని గూర్చియే మా ప్రసంగము. మొదట సగటు దినసరి వేతనమున నాలుగవవంతు, జీవితమున 90 దినములకు మించకుండ ఇత్తుమనిరి. అర్జీ యజమాని చేతిమీదుగ రావలెననిరి. పని పోయి 90 దినములు గడచినగాని కోరరాదనిరి. కరోనా సంవత్సరమున, 2020 ఆగస్టులో, నాలుగవవంతును సగము చేసిరి. 30 దినములకే కోరవచ్చుననిరి. యజమానితో పనిలేక కార్మికుడే నేరుగ బ్రాంచి కార్యాలయమునకు అర్జీ పెట్టవచ్చుననిరి. తరువాత గడువును పలుమారులు పొడిగించిరి. ఇవి మంచి మార్పులు. మంచిని మంచి యనుటకు మేము వెనుదీయము.

అయినను లెక్క చూడుడు. నెలకు రు. 15,000 వేతనము గల కార్మికునకు 90 దినములకును కలిపి సుమారు రు. 22,000 ముట్టును. ఇది ఎవరి దానము? 2019 జూలైనుండి అట్టివాని వేతనమున నూటికి ముప్పాతిక రూపాయి అతనివద్దను, నూటికి 3.25 రూపాయలు యజమానివద్దను పుచ్చుకొనిరి. వైద్యమునకును తక్కిన సహాయములకును కలిపి నెలకు రు. 600 అతని శ్రమ పేర ఆ నిధికి చేరినది. రెండేండ్లు చందా కట్టినవాడు చేయి చాచునప్పుడు అది యాచించు చేయి కానేరదు. 2018 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశమున యువనేస్తము పేర విద్యావంతులైన నిరుద్యోగులకు నెలకు రు. 1,000 ఈయ మొదలిడిరి. 2019లో ప్రభుత్వము మారిన పిమ్మట అది నిలిచిపోయెను. ప్రభువుల యనుగ్రహము ప్రభువులతో పోవును. చందా కట్టి కొనుక్కొన్న హక్కునకు ఆ గతి పట్టరాదు. కాని కార్యాలయపు బల్లకు ఆవల కూర్చున్నవారికి ఈ భేదము తెలిసినట్లు లేదు.

హక్కునకు నియమములు గలవు. పని పోవుటకు ముందు రెండేండ్లు బీమా గల కొలువున నుండవలెను. ఏప్రిల్‌నుండి సెప్టెంబరు వరకొకటి, అక్టోబరునుండి మార్చి వరకొకటి, ఏటికి రెండు చందాకాలములు. పని పోవుటకు వెనువెంట ముందున్న చందాకాలమున 78 దినములకు తక్కువ గాకుండను, ఆ రెండేండ్లలోని తక్కిన మూడింటిలో ఏదేని యొకదానియందు మరి 78 దినములకును చందా చెల్లియుండవలెను. దుష్ప్రవర్తనకు శిక్షగ పోయినవారికిని, వయసు మీరి విరమించినవారికిని, తమ యిష్టమున విరమించినవారికిని భృతి లేదు. ఈ నియమములను మేము ఆక్షేపింపము. వానిని నిరూపించు భారము ఎవరిపై మోపిరో దానినే ఆక్షేపించుచున్నాము.

మొదటి కంటకము ఒక్క మాట. యజమాని నెలనెల పంపు చందాలెక్కలో ఒకని పనిదినములు సున్నయైనచో కారణము చూపవలెను. "కొలువు విడిచెను" అని యొక గడి, "తొలగింపబడెను" అని యొక గడి, "పని లేదు" అని వేరొక గడి యుండును. గుమాస్తా తొందరలోనో, యజమాని సైగమీదనో మొదటి గడిని నొక్కెనా, ఆ కార్మికుడు తానై విడిచిపోయినవాడగును. తానై పోయినవానికి భృతి ఎక్కడిది? అతనికి తెలియకయే, అతడు లేని గదిలో, అతనిపై తీర్పు జరిగిపోవును. జీడిమెట్లలో గాని, పటాన్‌చెరువులో గాని, గాజువాకలో గాని పని పోయినవారిని అడిగి చూడుడు; తమ పేరుకెదురుగ ఏ కారణము వ్రాసిరో చెప్పగలవారెందరు?

దీనికి విరుగుడు వారము తిరుగకముందే చేయవలెను. ఫలాని తేదీన నన్ను రావలదంటిరి, నేను కొలువు విడువలేదు, లెక్కలో కారణము సరిగ చూపుడు, అని యజమానికి జాబు వ్రాసి స్పీడుపోస్టులో పంపి రసీదు దాచవలెను. నకలొకటి బ్రాంచి కార్యాలయమున ఇచ్చి, రెండవ నకలుపై ముద్ర వేయించుకొనవలెను. రాజీనామాపై సంతకము చేసినగాని బాకీ జీతమీయమని బెదిరించు యజమానులు కలరు. ఆ సంతకము చేసినవాడు తన భృతిని తానే కొట్టివేసికొనినవాడగును.

రెండవ కంటకము చెల్లని చందా. జీతపు చీటిలో కోత కనబడును, నిధిలో జమ కనబడదు. గుత్తదారు క్రింద పనిచేయువారికి ఇది మరింత తరచు. 78 దినములకు నాలుగు దినములు తగ్గినను అర్జీ తిరిగివచ్చును. తగ్గించినది యజమాని, శిక్ష కార్మికునకు! 1948 నాటి చట్టకర్తలు ఈ పాపమును ముందే ఊహించిరి. వేతనమునుండి కోసిన సొమ్ము కార్మికుడు నమ్మి యజమానికి అప్పగించిన సొమ్మేయని 40వ సెక్షనున వ్రాసిరి. యజమాని ఎగవేతవలన కార్మికుని హక్కునకు భంగము కలిగినచో, కార్పొరేషను ఆ సహాయమును తానిచ్చి యజమానినుండి రాబట్టుకొనవచ్చునని 68వ సెక్షనున వ్రాసిరి. 2025 నవంబరు 21న సాంఘిక భద్రతా స్మృతి అమలునకు వచ్చినది. చట్టము పేరు మారినంతమాత్రమున న్యాయము మారునా? ఈ సూత్రమును బల్లపై పెట్టి అడుగవలసిన బాధ్యత మనది. కార్మికుడు మాత్రము పని పోవువరకు ఆగరాదు. ఆరు నెలలకొకమారు తన బీమా నంబరుతో పోర్టలునందు జమలు చూచుకొనవలెను. జీతపు చీటులను, బ్యాంకు పుస్తకమును దాచుకొనవలెను. తేడా కనబడిన నెలలోనే బ్రాంచికి వ్రాయవలెను.

మూడవ కంటకము పేరు. ఇది మన తెలుగువారికి ప్రత్యేకముగ వచ్చిన చిక్కు. ఆధారునందు ఇంటిపేరు పూర్తిగ ముందుండును. బీమా లెక్కలో ఒక్క అక్షరముగ మిగులును. బ్యాంకు పుస్తకమున వెనుకకు పోవును. ఊరిలోనివారందరు ఎరిగిన మనుష్యుడు యంత్రమునకు ముగ్గురు మనుష్యులగును! ఇంతే గాక, కొలువు మారినప్పుడు పాత బీమా నంబరు చెప్పక క్రొత్తది పుట్టించినచో రెండేండ్ల కొలువు రెండు ముక్కలై ఏ ముక్కయు చాలకుండును. ఫోను నంబరు మారినచో ఓటీపీ ఎవరికో పోవును. కావున కొలువున నుండగనే మూడుచోట్ల పేరును, పుట్టినతేదీని ఒక్కతీరుగ దిద్దించుకొనవలెను. ఎన్ని కొలువులు మారినను ఒక్క బీమా నంబరునే పట్టుకొనవలెను.

ఇన్ని దాటియు అర్జీ తిరస్కరింపబడినచో నోటిమాట విని వెనుదిరుగరాదు. కారణము వ్రాసియిండని అడుగవలెను. ఈయకున్న, 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద రు. 10 రుసుముతో అడిగినచో 30 దినములలో బదులీయవలెను. వ్రాతలో వచ్చిన కారణమునకు బదులు చెప్పవచ్చును. నోటిమాటకు బదులెట్లు చెప్పుట?

ఇక మాకు ఎదురుచెప్పువారి వాదము వినుడు. తలుపు తెరచినచో సోమరులును మోసగాండ్రును వచ్చి నిధిని దోచుదురట. రెండేండ్లు కొలువు చేసి, చందా కట్టి, జీవితమున 90 దినములు సగము కూలి పుచ్చుకొనుటకు ఎవడు సోమరి యగును? ఈ వాదము క్రొత్తది కాదు. పనిని నిజముగ వెదకుచున్నానని నిరుద్యోగియే నిరూపింపవలెనని బ్రిటనునందు 1921లో నియమము పెట్టిరి. పనియే లేని గనిగ్రామములందు పని వెదకినట్లు సాక్ష్యము చూపుమనిరి. లక్షలకొలది అర్జీలు ఆ నెపమున త్రోసివేయబడెను. 1930లో వారి పార్లమెంటే ఆ నియమమును తొలగింపవలసివచ్చెను. యంత్రమునకు అప్పగింతమందురా? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రము అదియు చేసి చూచెను. 2013 అక్టోబరునుండి 2015 ఆగస్టు వరకు అచటి కంప్యూటరు 40,000 మందికి పైగ నిరుద్యోగులను మోసగాండ్రని తప్పుగ ముద్రవేసెను. యంత్రమొక్కటియే చెప్పిన తీర్పులలో సుమారు 22,000 తిరిగి విచారింపగ నూటికి 93 తప్పని తేలెను. 2022లో ఆ రాష్ట్రము 2 కోట్ల డాలర్ల పరిహారమునకు ఒడంబడెను. గుమాస్తా యైనను, యంత్రమైనను, సాక్ష్యభారమును బలహీనునిపై మోపినచోట ఫలము ఒక్కటియే.

మన దేశమునందే చిన్న నిదర్శనము కలదు. ఈ అర్జీకి ప్రమాణపత్రము జతపరచవలెనను నియమముండెను. 2020 నవంబరులో దానిని తీసివేసి, ఆధారు నకలును, బ్యాంకు వివరములును ఆన్‌లైనున పంపిన చాలుననిరి. ఆకాశము విరిగి మీద పడలేదు. తీసివేయదగిన ముల్లు తీసివేయవచ్చునని అధికారులే ఋజువు చేసిరి. అయినచో తక్కిన ముండ్ల మాట యేమి?

మేము కోరునవి మూడు. యజమాని "కొలువు విడిచెను" అని వ్రాసిన క్షణముననే కార్మికుని ఫోనుకు తెలుగున తెలుపవలెను. అతడు కాదన్నచో నిరూపించు భారము యజమానిది కావలెను. కోత జరిగినట్లు జీతపు చీటి యున్నచో భృతి ముందీయవలెను, ఎగవేసినవానినుండి తరువాత రాబట్టవలెను. తిరస్కరించిన ప్రతి అర్జీకిని కారణమును, మొరపెట్టుకొనవలసిన చోటును తెలుగున వ్రాసియీయవలెను. ఇందులో దేనికిని ఖజానానుండి కోట్లు పోయనక్కరలేదు. పని పోయినవారికి రాజ్యము తన శక్తికొలది సహాయము చేయవలెనని రాజ్యాంగమున 41వ అధికరణము చెప్పుచున్నది. ఆ వాక్యమును గోడకు వ్రేలాడదీసి, దానిక్రింద అర్జీదారుని త్రిప్పిపంపుట ఏమి న్యాయము?

పఠనమందిరములలో ఈ పత్రిక చదువు సోదరులారా! అధికారులు మారువరకు కార్మికుని పొయ్యి ఆగియుండదు. ఒకప్పుడు మన గ్రంథాలయములందు చదువు రానివారికి చదువరులు జాబులు చదివి వినిపించిరి, వ్రాసిపెట్టిరి. ఆ సేవకు నేడు మరల వేళ వచ్చినది. ప్రతి పఠనమందిరమునను ఆదివారము రెండు గంటలు ఒక బల్ల వేయుడు. ఒక కంప్యూటరును, చట్టము తెలిసిన ఒక మనుష్యుని, ఓపిక గల ఇద్దరు యువకులను అచట కూర్చుండబెట్టుడు. వచ్చినవాని చందాలెక్క చూచిపెట్టుడు, జాబు వ్రాసిపెట్టుడు, కావలసినచో అతనితో బ్రాంచి కార్యాలయము వరకు నడువుడు. ఒంటరిగ పోయినవానికి "రేపు రమ్ము" అను జవాబు వచ్చును. చదువుకొన్న పౌరుడొకడు ప్రక్కన నిలిచినచో ఆ రేపు నేడగుట మేమెరుగుదుము. మీ పట్టణమునుండి త్రిప్పిపంపబడిన అర్జీల కారణములను, పేరులు విడిచి, మాకు వ్రాసి పంపుడు. వానిని ఈ పత్రికయందు వారము వారము ప్రకటింతుము. పని పోయినవాడు నేరస్థుడు కాడు. అతనిచేత సాక్ష్యము చెప్పించుట మాని, లెక్కలు చేతనున్నవారిచేత జవాబు చెప్పింతము.