కొలిచి గీసిన స్తంభం

స్తంభమనగానే బరువు మోసే రాయి మనకు స్ఫురిస్తుంది. పదహారవ శతాబ్దపు ఇటలీ వాస్తువేత్తలకు అది ఒక వ్యాకరణం. ప్రాచీన రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ రచించిన గ్రంథం వారి చేతికి వచ్చేనాటికి అందలి చిత్రాలు నశించి, వచనం మాత్రమే మిగిలింది. వచనంలోని కొలతలను సరిచూచుకొనడానికి వారు కొలబద్దతో రోమ్ శిథిలాల నడుమకు వెళ్లారు. గ్రంథం చెప్పినది ఒకటి, రాయి చూపినది వేరొకటి! ఆ తగవు తీర్చుకొనే క్రమంలోనే వారి మహత్తర రేఖాచిత్రాలు పుట్టాయి.

1537లో సెర్లియో వెనిస్ నగరంలో ప్రకటించిన గ్రంథంలో టస్కన్, డోరిక్, అయోనిక్, కొరింథియన్, కాంపోజిట్ అనే అయిదు స్తంభరీతులను ఒకే పుటలో వరుసగా నిలిపాడు. 1562లో విన్యోలా ఆ విద్యను మరింత సుగమం చేశాడు. స్తంభపాదపు వ్యాసంలో సగాన్ని ప్రమాణంగా గ్రహించి, టస్కన్‌కు 14, డోరిక్‌కు 16, అయోనిక్‌కు 18, తక్కిన రెంటికి 20 ప్రమాణాల ఎత్తు నిర్ణయించాడు. గజమైనా మూరైనా ఈ లెక్క చెల్లుతుంది. కనుకనే పుటలకెక్కిన స్తంభం సముద్రాలు దాటగలిగింది. హైదరాబాదు కోఠీలో, కిర్క్‌ప్యాట్రిక్ రెసిడెంటుగా ఉన్న కాలంలో శామ్యూల్ రస్సెల్ రూపకల్పన చేసిన రెసిడెన్సీ భవనపు కొరింథియన్ స్తంభాలు ఆ పరంపరలోనివే.

మన దేశానికి ఇట్టి లెక్క తెలియదా? తెలుసు. బెంగుళూరులో న్యాయాధికారిగా పనిచేసిన రామ్‌రాజ్ హిందూ వాస్తువుపై ఆంగ్లంలో రచించిన గ్రంథాన్ని 1834లో లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ 48 చిత్రపటాలతో ప్రచురించింది. మానసారాది శిల్పశాస్త్రాలను పరిశీలించి, మన స్తంభభేదాలలో రెండవదానిని టస్కన్‌తోను, మూడవదానిని డోరిక్‌తోను, నాల్గవదానిని అయోనిక్‌తోను ఆయన పోల్చి చూపాడు. శ్లోకాలలోను, శిల్పుల చేతులలోను దాగిన విద్యను కాగితం మీదికి తెచ్చిన ఘనత ఆయనది.

శిల్పి చేతికే కొలత తెలిసినప్పుడు కాగితమెందుకని కొందరనవచ్చు. మా కొండపల్లిలో తెల్లపొణికి కర్రను బొమ్మగా మలిచే చేతులను చూచినవారికి ఆ మాట సబబుగానే తోస్తుంది. కాని చేతి విద్య తండ్రి నుండి కొడుకుకు అందినంత కాలమే జీవిస్తుంది. ఆ పరంపర తెగిన నాడు కొలత కూడ పోతుంది. కృష్ణకు ఆవలి గట్టున అమరావతి స్తూపపు గతి చూడండి. 1816 తరువాత మెకంజీ తన చిత్రకారులచేత అక్కడి శిల్పాలను గీయించాడు. వాటిలో కొన్ని తరువాత కనబడకుండా పోయాయి. వాటిని నేడు మనం ఆ చిత్రాలలోనే చూడగలం.

ఇక మన దుర్గం మాట. రెడ్డిరాజులు, బహమనీలు, గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు ఏలిన ఈ కొండను 1766లో ఆంగ్లేయులు పట్టుకొన్నారు. ఎందరి తాపీపనివారో ఇక్కడ పక్కపక్కన గోడలు లేపారు. సంస్కృతంలో స్తంభాన్ని ‘స్థూణ’ అంటారు. ఫారసీ నుండి ఉర్దూకు వచ్చిన మాట ‘సుతూన్’. రెండూ ఒకే మూలం నుండి చీలిన మాటలు. ఈ రెండు నుడులవారూ కలిసి చదువుకొనే కళాశాలకు ఈ దుర్గం కన్న తగిన పాఠ్యపుస్తకం ఏది? పడిన కమానును ఏదో ఒకనాడు ఎవరో నిలబెట్టబూనుతారు. వారి వద్ద కొలిచి గీసిన పటం లేకపోతే, ఆ మరమ్మతు ఊహాచిత్రమవుతుంది. పూర్వుల పని పేరిట మన పని మిగులుతుంది.

కావున మా మనవి ఇది. అధికారుల అనుమతి పొంది, చరిత్ర విద్యార్థులును గణిత విద్యార్థులును జతగా ఏటా ఒక ద్వారాన్నో, ఒక కమానునో కొలిచి గీయాలి. కొలత టేపు, దారం, గళ్ల కాగితం, పెన్సిలు చాలు. గొప్ప చిత్రకారులు కానక్కరలేదు. అంకె తప్పకుండా ఉంటే అదే పదివేలు. ఆ పటాన్ని తెలుగు, ఉర్దూ వివరణలతో ఈ సంచికలోనే అచ్చువేయవచ్చు. ఉపాధ్యాయులమైన మేము టేపు రెండవ కొస పట్టుకొనడానికి సిద్ధంగా ఉన్నాము.