నున్నటి రోడ్డు పక్కనే డోలీ



నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి పోయే రోడ్డు మీలో చాలామందికి తెలుసు. చలికాలంలో మంచు చూడటానికి మైదానం నుంచి వరస కట్టే కార్లూ తెలుసు. మరి ఆ దారి ఎవరి చెమటతో పడిందో తెలుసా?

వందేళ్ల కిందట, తెల్లోడి పాలనలో, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన తాతల్ని బలవంతంగా ఆ రోడ్డు పనిలోకి దింపాడు. కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. అంతకు ముందే మన్యంలో రగిలిన కోపాల్లో ఈ రోడ్డు పని ఒకటి.

అందుకే "ఆదివాసీలు అభివృద్ధికి అడ్డం" అని ఎవరన్నా అంటే నవ్వొస్తుంది. పురిటి నొప్పులొచ్చిన చెల్లిని డోలీలో మోసిన భుజాలు రోడ్డు వద్దంటాయా? మనం అడిగేది ఒక్కటే: ఎవరి కోసం వేస్తున్నారు, ఎవర్ని అడిగి వేస్తున్నారు?

పెద్ద రోడ్డు వెడల్పు చేయడానికి నిధులొస్తాయి. అక్కడి నుంచి కొండ మీది గూడేనికి మూడు కిలోమీటర్ల దారి మాత్రం "అటవీ అనుమతి రాలేదు" అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. ఆ మాట విని వెనక్కి రాకండి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. రోడ్డు, బడి, అంగన్‌వాడీ, మంచినీళ్లు లాంటి 13 రకాల సదుపాయాలకు, ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు ఉండాలి. ఇప్పుడు లెక్కేయండి: మూడు మీటర్ల వెడల్పు, మూడు కిలోమీటర్ల పొడవు అంటే 0.9 హెక్టారు. చట్టం గీసిన గీత లోపలే ఉంది!

రెండో సంగతి. రోడ్డు బాగుపడగానే పక్క భూమికి రేటు పుడుతుంది. "పట్టా నీ పేరు మీదే ఉంటది, సంతకం పెట్టు చాలు" అంటూ ఎవరో ఒకరు వస్తారు. దాన్నే బినామీ అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని 1/70 చెప్తోంది. ఇవాళ సంతకం పెడితే, రేపు మన భూమిలో లేచిన రిసార్టుకి మనమే వాచ్‌మన్‌లం. ప్రభుత్వం భూమి తీసుకోవాలన్నా ముందు గ్రామసభను సంప్రదించాలి, 1996 పీసా చట్టం ఆ మాటే అంటోంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దీన్ని షేర్ చేసి ఊరుకోకండి. వచ్చే గ్రామసభకి వెళ్లండి. గూడెం దారి కోసం తీర్మానం రాయించండి, పెద్దలకు మన భాషలో చదివి వినిపించండి. పుస్తకంలోకి ఎక్కిందో లేదో చూసి, కాపీ తీసుకోండి.

తాతలతో ఆ రోడ్డు వెట్టి చేయించి వేయించారు. మన గూడెం దారి మన తీర్మానంతో పడాలి.

జై ఆదివాసీ!