“నాకు లెక్కలు రావు” అనడం ఇక మానేద్దాం

మా బల్కంపేట నుంచి అమీర్‌పేట వైపు నాలుగడుగులేస్తే అన్నీ కోచింగ్ బోర్డులే. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం ఎక్కడెక్కడి పిల్లలో ఇక్కడికొస్తారు, సరే. మూడో తరగతి పిల్లాడికి ఎక్కాల కోసం కూడా ట్యూషనేమిటండీ?

మొన్న పక్కింటావిడని ఇదే అడిగాను. “నాకు లెక్కలు రావు కదక్కా” అంది, పిల్లాడి ముందే. అంతకు ఐదు నిమిషాల ముందు ఆవిడే పాలబ్బాయితో, “రోజుకి రెండు ప్యాకెట్లు, నాలుగు రోజులు ఊళ్ళో లేం, 52 ప్యాకెట్లకే డబ్బులిస్తా” అని నోటితో తేల్చేసింది. 30లోంచి 4 తీసేసి రెండుతో హెచ్చవేయడం లెక్క కాదా మరి?

ఆ పిల్లాడు 20వ ఎక్కం దాకా గుక్కతిప్పుకోకుండా చెప్తాడు. “ఏడెనిమిదులెంతరా?” అంటే మాత్రం “సెవెన్ వన్ జా” నుంచి మొదలుపెట్టాలి. మధ్యలో ఆపామా, మళ్ళీ మొదటికే! ఏడెనిమిదులంటే ఏడుసార్లు ఎనిమిది అని వాడికెవరూ చెప్పలేదు.

కంఠస్థం వద్దనడం లేదు. ఎక్కాలు నోటికి రావాల్సిందే. కానీ అర్థం ముందు, అప్పజెప్పడం తర్వాత. శతాబ్దాల క్రితమే పావులూరి మల్లన సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన మాటల్లో లెక్కలు చెప్పడం కొత్తేం కాదు.

వాడిని మా వంటింట్లోకి పిలిచాను. ఇడ్లీ రేకులు నాలుగు, రేకుకి నాలుగు గుంటలు. మొత్తం ఎన్ని? చూపుడువేలితో లెక్కపెట్టి 16 అన్నాడు. ఐదుగురికి సమంగా పంచమన్నాను. తలా మూడు పెట్టాడు, ఒకటి మిగిలింది. “శేషమంటే అదేరా” అన్నాను. “అయితే ఆ శేషం నాకే” అన్నాడు! ఐదు మూళ్ళు 15, ఒకటి కలిపితే 16 అని సరిచూసుకున్నాడు కూడా.

టైమెక్కడుంది అంటారా? ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ రోజూ అరగంట అరవడానికి ఉంటోంది కదా! అందులో పది నిమిషాలు చాలు.

నా బాధల్లా ఆడపిల్లల గురించి. అమ్మకే రావనుకున్న లెక్కలు తనకి మాత్రం ఎలా వస్తాయనుకుంటుంది ఆ పిల్ల? ఇంటి ఖర్చంతా మనతో నడిపించుకుని “నీకేం తెలుసు” అనేవాళ్ళు ఎటూ ఉన్నారు. ఆ మాట మన నోటితో మనమే ఎందుకనుకోవాలి?