హైపర్‌వైజర్ కొనేముందే బయటపడే దారి చూసుకోవాలి

ఒక పెద్ద సర్వరును పదీ ఇరవై మెషీన్లుగా పంచి, ఒక్కోదానికీ సొంత ప్రాసెసరు, సొంత మెమరీ, సొంత డిస్కు ఉన్నట్టు నమ్మించే సాఫ్ట్‌వేరు హైపర్‌వైజర్. బ్యాంకయినా, విశ్వవిద్యాలయమయినా, ప్రభుత్వ శాఖయినా సొంతంగా ప్రైవేటు క్లౌడ్ పెట్టుకోవాలంటే ముందు తేల్చుకోవాల్సింది దీన్నే. సాధారణంగా జరిగేదేమిటంటే, నాలుగు ఉత్పత్తుల పేర్లు ఒక పట్టికలో రాసి, వేగం ఎంత, సదుపాయాలెన్ని అని మార్కులు వేసి, ఎక్కువ మార్కులు వచ్చినదాన్ని కొంటారు. ఈ పట్టికలో ఉండాల్సిన మొదటి గడే ఉండదు. రేపు దీన్ని వదిలేయాల్సి వస్తే ఎన్ని నెలలు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్నదే ఆ గడి. మిగతా మార్కులన్నీ దీని తర్వాతే లెక్కలోకి రావాలని నా వాదన. వేగం సంగతి చాలావరకు తేలిపోయిన విషయం. 2005లో ఇంటెల్, మరుసటేడు ఏఎండీ వర్చువలైజేషన్‌కు కావాల్సిన కష్టమైన పనిని ప్రాసెసరులోకే తెచ్చేశాయి. 2007లో కేవీఎం అనే ఓపెన్ సోర్స్ హైపర్‌వైజర్ నేరుగా లినక్స్ కెర్నెల్‌లో చేరిపోయింది. ఆఫీసుల్లో నడిచే మామూలు అప్లికేషన్లకు ఒక హైపర్‌వైజర్‌కూ మరోదానికీ తేడా వాడేవాళ్లకు తెలిసేంత ఉండదు.

ధర, షరతుల తేడా మాత్రం తెలిసొచ్చింది, అదీ ఒక్క ఏడాదిలో. ప్రైవేటు డేటా సెంటర్లలో దాదాపు రెండు దశాబ్దాలు హైపర్‌వైజర్లు అమ్మే వీఎంవేర్‌దే రాజ్యం. దాన్ని చిప్‌ల కంపెనీ బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొనుక్కుంది. మరుసటి నెలలోనే ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి, అందరూ సబ్‌స్క్రిప్షన్‌కు రావాల్సిందేనంది. విడివిడిగా దొరికే ఉత్పత్తుల్ని కొన్ని పెద్ద మూటలుగా కట్టింది. లెక్క ప్రాసెసరు కోర్‌ల మీద వేస్తారు, ఒక్కో ప్రాసెసరుకు కనీసం 16 కోర్‌లకు కట్టాలి. ఎనిమిది కోర్‌ల ప్రాసెసర్లు రెండున్న పాత సర్వరునే తీసుకోండి. అందులో ఉన్నవి 16 కోర్‌లు, బిల్లు 32 కోర్‌లకు. చిన్న సంస్థలు, కళాశాలలు వాడుకునే వీఎంవేర్ ఉచిత హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐని 2024 ఫిబ్రవరిలో తీసేశారు. పద్నాలుగు నెలల తర్వాత ఎందుకో మళ్లీ ఇచ్చారు. ఇచ్చేదీ తీసేదీ వాళ్లిష్టమే అయినప్పుడు దాని మీద ఐదేళ్ల ప్రణాళిక ఎలా వేసుకుంటాం?

చిన్నవాళ్ల సంగతి సరే, పెద్దవాళ్లు బేరమాడుకోగలరు కదా అనుకోవచ్చు. అమెరికా టెలికాం దిగ్గజం ఏటీ అండ్ టీ 2024లో బ్రాడ్‌కామ్ మీద కోర్టుకెక్కింది. తాము ఎప్పుడో కొన్న శాశ్వత లైసెన్సులకు ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన సపోర్టును పొడిగించడం లేదన్నది ఫిర్యాదు. ఆ ఆరోపణను బ్రాడ్‌కామ్ తోసిపుచ్చింది. అప్పటికి ఏటీ అండ్ టీ వీఎంవేర్ మీద నడుపుతున్నవి సుమారు 8,600 సర్వర్లు, వాటిలో 75 వేల వర్చువల్ మెషీన్లు. ఏడాదికి 1,050 శాతం పెంపు అడిగారని కోర్టుకిచ్చిన కాగితాల్లో ఉంది. కొన్ని నెలలకు రాజీ కుదిరింది, ఎంతకో బయటికి రాలేదు. అంత పెద్ద సంస్థకూ పట్టు లేకపోవడానికి కారణం ఒక్కటే. 75 వేల మెషీన్లను ఇంకో చోటికి మార్చడం నెలల్లో అయ్యే పని కాదని బేరం బల్లకు రెండువైపులా కూర్చున్నవాళ్లకూ తెలుసు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ అమెజాన్. 2006లో దాని ఈసీ2 సేవ మొదలైంది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టిన జెన్ హైపర్‌వైజర్ మీద. 2017లో నైట్రో పేరుతో కేవీఎం ఆధారంగా కొత్త హైపర్‌వైజర్ తెచ్చింది. ప్రపంచంలోని అతిపెద్ద క్లౌడ్ తన పునాదినే మార్చుకుంది, వాడుకరులకు అది వార్త కూడా కాలేదు. కొత్త రకం మెషీన్లకు మారేటప్పుడు నెట్‌వర్కుకూ డిస్కుకూ కొత్త డ్రైవర్లు ఉన్నాయో లేదో వాళ్లు చూసుకున్నారు, అంతే. హైపర్‌వైజర్‌ను ఎవరూ నేరుగా తాకకుండా దాని పైన సొంత పొరను కట్టుకోవడం వల్ల అమెజాన్‌కు ఈ వెసులుబాటు దొరికింది. మన స్థాయిలో ఆ పొరను ఓపెన్‌స్టాక్ గానీ అపాచీ క్లౌడ్‌స్టాక్ గానీ ఇవ్వగలవు. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనా కేంద్రం 2013 నుంచి ఓపెన్‌స్టాక్ మీదే తన క్లౌడ్ నడుపుతోంది.

మార్పు అన్నది ఎక్కడ ఇరుక్కుంటుందో దగ్గర నుంచి చూస్తే గానీ అంచనా దొరకదు. వీఎంవేర్ డిస్కు ఫైలును కేవీఎంకు పనికొచ్చే రూపంలోకి మార్చడం ఒక్క ఆదేశంతో అయ్యే పని. ఆ తర్వాతే అసలు కథ. విండోస్ మెషీనులో కేవీఎంకు కావాల్సిన వర్ట్‌ఐఓ డ్రైవర్లు ముందే వేయకపోతే కొత్తచోట బూట్ డిస్కు కనబడక నీలం తెరతో ఆగిపోతుంది. లినక్స్ మెషీను చక్కగా లేస్తుంది, కానీ నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోయి పాత ఐపీ సెట్టింగు దానికి అంటదు. మెషీను నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ అందదు. ఎప్పుడో తీసి మరిచిపోయిన స్నాప్‌షాట్లు ముందు కలిపేయాలి. బ్యాకప్ సాఫ్ట్‌వేరు పాత హైపర్‌వైజర్‌కు ముడిపడి ఉంటే దాన్నీ మార్చాలి, అప్పుడు పాత బ్యాకప్‌లు చదవడానికి పాత వ్యవస్థను కొన్నేళ్లు బతికించాలి. వీటిలో ఏదీ బ్రహ్మవిద్య కాదు. వందల మెషీన్లకు, సెలవు రోజు రాత్రి దొరికే నాలుగు గంటల్లో చేయాల్సి రావడమే ఇబ్బంది.

వీఎంవేర్ పక్షాన చెప్పేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. నడుస్తున్న మెషీనును ఆపకుండా ఇంకో సర్వరుకు జరపడం, లోడు చూసి మెషీన్లను తనంతట తానే సర్దడం వంటి పనుల్లో దానికున్న పరిణతి మిగతావాటికి పూర్తిగా రాలేదు. తెలిసిన ఇంజనీర్లూ ఎక్కువే. కానీ ఒక సంస్థ రోజూ వాడే సదుపాయాలు ఆ జాబితాలో ఎన్నున్నాయో లెక్క తీస్తే చాలాచోట్ల చేతి వేళ్లు సరిపోతాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో లినక్స్ నేర్చుకున్నవాళ్లకూ కొదవ లేదు. లినక్స్ బాగా తెలిసినవాడికి కేవీఎం కొత్త లోకమేమీ కాదు. ఓపెన్ సోర్స్ అంటే ఉచితమనుకోవడం మాత్రం పొరపాటు. లైసెన్సు ఖర్చు తగ్గితే జీతాల ఖర్చు పెరుగుతుంది. ఇద్దరు సమర్థులను నిలబెట్టుకోలేని సంస్థ ఓపెన్‌స్టాక్ జోలికి పోకుండా ప్రాక్స్‌మాక్స్ లాంటి తేలికైనదాన్ని ఎంచుకోవడం మేలు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకోటి ఉంది. ఓపెన్ సోర్స్ కంపెనీలు మాత్రం మాట మీద నిలబడ్డాయా? రెడ్ హ్యాట్ లినక్స్‌కు ఉచిత రూపమైన, 2029 దాకా నడవాల్సిన సెంట్‌ఓఎస్ 8ని 2021తోనే ముగించేశారు. రెడ్ హ్యాట్ తన వర్చువలైజేషన్ ఉత్పత్తినే పక్కనపెట్టి తన కంటైనర్ వేదిక ఓపెన్‌షిఫ్ట్‌కు రమ్మంది. నిజమే. అయితే ఆ ఉత్పత్తి పోయినా అడుగున ఉన్న కేవీఎం పోలేదు. డిస్కుల రూపం అదే, డ్రైవర్లు అవే. సెంట్‌ఓఎస్ ఆగగానే దాని స్థానంలో రాకీ, ఆల్మా లినక్స్‌లు పుట్టుకొచ్చాయి. కంపెనీ మంచిదా చెడ్డదా అని జాతకాలు చూడనక్కర్లేదు, అది మారిపోయినా మనకు ఎంత మిగులుతుందో చూస్తే చాలు. లోపల కేవీఎం ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. న్యూటానిక్స్ ఏహెచ్‌వీ కేవీఎం మీద కట్టినదే. కానీ నిల్వ వ్యవస్థ, నిర్వహణ పొర దాని సొంతం, కాబట్టి బయటపడగలమా అన్న పరీక్ష దానికీ పెట్టాల్సిందే. ఇదంతా ఎందుకు, పబ్లిక్ క్లౌడ్‌కు పోతే సరి అనేవాళ్లకు చెప్పేది కూడా అదే. అక్కడ హైపర్‌వైజర్ కనబడదు గానీ, వదిలిపోవడం ఇంకా కష్టమయ్యే సేవలు బోలెడు.

ఈ జాగ్రత్త మనకు కొత్తదేమీ కాదు. ప్రభుత్వ సాఫ్ట్‌వేరు కొనుగోళ్లలో ఓపెన్ సోర్స్‌ను పరిగణించాలి, కాదంటే కారణం చూపాలి అని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. ఐటీ సేవలు బయటివాళ్లకిచ్చే బ్యాంకులు బయటపడే వ్యూహం ముందే రాసుకోవాలని రిజర్వు బ్యాంకు 2023 ఆదేశాల్లో చెప్పింది. అమల్లో అది ఫైలులో పెట్టే ఒక కాగితంగా మిగిలిపోయే ప్రమాదముంది. అలా కాకూడదంటే టెండర్లలో ఉత్పత్తి పేరు రాయకుండా పనులు రాయాలి. సాంకేతిక మదింపు దశలోనే పది మెషీన్లను, వాటిలో ఒక డేటాబేసు, రెండు విండోస్ సర్వర్లు ఉండేలా, ప్రతిపాదిత వ్యవస్థలోకి ఎక్కించి, తిరిగి వేరే హైపర్‌వైజర్ మీదికి దింపి చూపించమని అడగాలి. పట్టిన గంటలు, విరిగిన పనులు రాసుకుని ఆ ఖర్చును ధరల పట్టికలో కలపాలి. 2024లో బెదిరి వీఎంవేర్ సబ్‌స్క్రిప్షన్‌కు మూడేళ్లకు సంతకం పెట్టిన సంస్థలకు గడువు 2027లో ముగుస్తుంది. వీఎంవేర్ వీస్పియర్ 8కు సాధారణ సపోర్టు ఆగేదీ ఆ ఏడాదే. ఆ బేరానికి కూర్చునేలోపు ఈ పరీక్ష చేసిన సంస్థకు వెళ్లిపోగలనని చెప్పడానికి చేతిలో సొంత లెక్క ఉంటుంది.